పేరు మాత్రం చెప్పను: చిల్లంగి, చేతబడి మీద అపోహలు - వాస్తవాలు

మాది మూడు తరాలుగా తాయెత్తులు కట్టే ఇల్లు. విశాఖ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో, మా తాత కూర్చున్న చెక్కపీట మీదే నేనూ కూర్చుంటాను. దిష్టి తీస్తాను, రక్షరేకు రాస్తాను, నిద్రలో ఉలిక్కిపడే పిల్లలకు విభూతి పెడతాను. వారానికి ఇద్దరైనా "మాకు చిల్లంగి చేశారండీ, తీసెయ్యండి" అంటూ వస్తారు. "మా తోటికోడలికి చెయ్యాలి, ఎంతవుతుంది?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. అందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇలా రాస్తున్నాను.

అపోహ: చిల్లంగి వేరు, చేతబడి వేరు, బాణామతి వేరు

మా ఉత్తరాంధ్రలో చిల్లంగి అంటారు. మెదక్ వైపు బాణామతి అంటారు. చేతబడి అంటే అందరికీ తెలుస్తుంది. ఊరిని బట్టి పేరు మారుతుంది, అంతే. తంత్ర గ్రంథాల్లో దీన్ని షట్కర్మలని ఆరుగా విడదీశారు: శాంతి (కీడు పోగొట్టడం), వశ్యం (లొంగదీసుకోవడం), స్తంభనం (కదలకుండా ఆపడం), విద్వేషణం (విడదీయడం), ఉచ్చాటనం (తరిమెయ్యడం), మారణం (చంపడం). మా తాత మొదటిది ఒక్కటే చేసేవాడు. మిగతా ఐదూ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి పనిచేసి తీరతాయని వాదించేవాళ్లకి నేనొకటే చెప్తాను. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పద్నాలుగో అధికరణం తిరగేయండి. శత్రువు మీద చేసే రహస్య ప్రయోగాలన్నీ అక్కడున్నాయి. మంత్రాలూ ఉన్నాయి, వాటితో పాటు విషపు పొగలూ, పొడులూ బోలెడున్నాయి. మనిషి పడిపోతే పేరు మంత్రానికొచ్చేది.

అపోహ: 'మందు పెట్టారు', కక్కిస్తే పోతుంది

మన వైపు కడుపునొప్పి నెల దాటితే వచ్చే మొదటి అనుమానం ఇదే. ఎవరో అన్నంలో మందు పెట్టారని, అది కడుపులో గట్టిపడి కూర్చుందని అంటారు. మందు తీసేవాడు బొడ్డు మీద గొట్టం ఆనించి పీల్చి, వెంట్రుకల ఉండో నల్లటి ముద్దో ఉమ్మేస్తాడు. ఆ ముద్ద ముందునుంచీ ఆయన దవడలోనే ఉంటుంది. అతను నీళ్లు పుక్కిలించడానికి ముందు చూడాలి, తరవాత చూస్తే లాభం లేదు.

అయితే నిజంగా మందు పెట్టిన సందర్భాలు అసలుండవని అనను. వశీకరణం పేరుతో ఉమ్మెత్త గింజలు నూరి తినిపించడం పాత పద్ధతే. తిన్నవాళ్లకి నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, లేనివి కనిపిస్తాయి, పిచ్చిపట్టినట్టు మాట్లాడతారు. ఊళ్లో దాన్ని వశమైపోయాడంటారు. డాక్టరు మాత్రం విషం ఎక్కిందనే చెప్తాడు. అలాంటివాణ్ని నా దగ్గరికి తేకండి, నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. పాము కరిచినా అంతే. కరిచే పాముల్లో చాలావాటికి విషం ఉండదు, విషప్పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తుంది. పాముమంత్రానికి పేరొచ్చింది అలా బతికినవాళ్ల వల్లే.

అపోహ: నిమ్మకాయ కోస్తే రక్తం వచ్చింది, కాబట్టి ప్రయోగం జరిగింది

పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలపండి, చిటికెడు సున్నం వెయ్యండి. ఎర్రగా మారుతుంది. పెళ్లికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే, మీ అమ్మమ్మకీ తెలుసు. నిమ్మకాయ సంగతీ అలాంటిదే. కాలేజీ ల్యాబుల్లో దొరికే మిథైల్ ఆరెంజ్ కత్తికి పూసి ఆరబెడితే, పులుపు తగలగానే ఎర్రబడుతుంది. అగ్గిపుల్ల లేకుండా హోమం రాజుకుందంటారే, అక్కడ పోసిన 'నెయ్యి' గ్లిసరిన్. కింద పొటాషియం పర్మాంగనేట్ ఉంటుంది.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? మా నాన్న దగ్గరా అలాంటి కత్తి ఒకటి ఉండేది. తాత చూసి తీసుకెళ్లి బావిలో పడేశాడు. ఆ తరవాత ఆరు నెలలు వాళ్లిద్దరికీ మాటల్లేవు.

అపోహ: ఎవరు చేశారో చెప్పలేనివాడు మంత్రగాడే కాదు

నాకు పీట అప్పగించిన రోజు తాత ఒకటే మాట తీసుకున్నాడు. "ఏదైనా సెయ్యి గానీ, పేరు మాత్రం సెప్పకురా." అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

పేరు ఎలా బయటికొస్తుందో చూడండి. ఎదురుగా ఒకావిడ కూర్చుంటుంది. మంత్రగాడు ఆవిడ ముఖం చూస్తూ నెమ్మదిగా అందుకుంటాడు. "మీ ఇంట్లో అన్నం తిన్న చెయ్యే." ఎవరింట్లో మాత్రం బయటివాళ్లు అన్నం తినరు? "ఆడమనిషి." ఆవిడ కొంగు బిగించి పట్టుకుంటుంది. "ఈ మధ్యే మాట తేడా వచ్చింది." ఊపిరి బిగపడుతుంది. "మీ ఇంటికి ఉత్తరాన..." అనేలోపే "మా పెద్దాడపడుచేనండీ!" అని ఆవిడే అరుస్తుంది. ఇంటికెళ్లాక మాత్రం, స్వామి కళ్లు మూసుకుని పేరు చెప్పేశాడంటుంది. ఆవిడ అబద్ధమాడట్లేదు. ఆవిడకి అలాగే గుర్తుంటుంది.

నేనూ ఒకసారి చెప్పాను. పేరు చెప్పలేదు, దిక్కు చెప్పాను. పీట ఎక్కిన రెండో ఏడు, పాపకి జ్వరం తగ్గట్లేదని ఒక కుటుంబం వచ్చింది. వాళ్లు పదేపదే అడుగుతుంటే విసిగిపోయి "తూర్పు వైపు ఇల్లు" అనేశాను. తూర్పు వైపు ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మేది. వారం తిరక్కముందే ఆ వీధిలో ఆవిడ దగ్గర చేప కొనేవాళ్లు లేకుండా పోయారు. కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు పక్కకి లాక్కునేవారట. పాప జ్వరం టైఫాయిడ్ అని రక్తపరీక్షలో తేలింది, మాత్రలకే తగ్గింది. అయినా నేనే తీసేశానని కొబ్బరికాయ, పంచె తెచ్చారు. అప్పటికే ముసలావిడ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ పంచె మడత ఇప్పటికీ విప్పలేదు.

ఆవిడ ప్రాణాలతో వెళ్లింది, అదే నయం. చిల్లంగి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన్యం నుంచి వస్తూనే ఉంటాయి. ఎవరి మీద పడతారో గమనించండి. ఒంటరి ముసలివాళ్లు, నాలుగు చెట్టుమందులు తెలిసినవాళ్లు, పొలం గట్టు దగ్గర తగాదా ఉన్నవాళ్లు. ముప్ఫై ఏళ్లలో చిల్లంగి తగిలి చచ్చినవాడు నాకు ఒక్కడూ కనపడలేదు.

అపోహ: నమ్మనివాడికి తగలదు, నమ్మినవాడికి తప్పదు

ఇందులో సగం నిజం ఉంది. అది భయం తాలూకు నిజం. శాపం తగిలిందని గట్టిగా నమ్మినవాళ్లు కొన్ని సమాజాల్లో నిజంగానే చనిపోతున్నారని, విపరీతమైన భయం ఒంటిని కుప్పకూల్చడమే దానికి కారణమని 1942లో వాల్టర్ కానన్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త రాశాడు. అంత దూరం వెళ్లక్కర్లేదు. పూర్ణామార్కెట్ దగ్గర చిన్న కొట్టున్న ఒకాయన, షట్టర్ కింద సూదులు గుచ్చిన బొమ్మ దొరికిందని పది రోజులు తిండి మానేశాడు. బొమ్మని పీట మీద పెట్టి ఆయన ముందే బ్లేడుతో చీల్చాను. లోపల దర్జీ కొట్టు తుక్కు, చుడీదార్ గుడ్డముక్కలు. ఆయన నవ్వి ఎదురు హోటల్లో నాలుగిడ్లీలు తిన్నాడు. నేను చదివిన మంత్రం ఏమీ లేదు.

నాలుగు రోడ్ల మీద దిగదుడుపు తొక్కితే పట్టుకుంటుందన్న భయమూ ఇలాంటిదే. అమావాస్య మర్నాడు తెల్లారుజామున జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పారిశుద్ధ్య కార్మికురాలిని అడిగాను, ఆ నిమ్మకాయలూ గుమ్మడి ముక్కలూ ఎత్తుతుంటే భయం లేదా అని. "ఏటి బాబూ, అయ్యి పట్టుకుంటే ఈపాటికి నేనే పెద్ద దెయ్యాన్ని అయ్యేదాన్ని" అంది.

అపోహ: గాలి సోకినవాళ్లని కట్టేసి ఉంచాలి

తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న, దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో మంటలు రేగి గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు పారిపోయే దారిలేక చనిపోయారు. గాలి అని నా దగ్గరికి తెచ్చినవాళ్లలో ఫిట్స్ ఉన్నవాళ్లున్నారు, చెవుల్లో మాటలు వినిపించేవాళ్లున్నారు, కాన్పయ్యాక మనసు చెదిరినవాళ్లున్నారు. వాళ్లకి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బయల్దేరడానికి జంకితే ముందు 14416కి ఫోన్ చెయ్యొచ్చు, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. తాయెత్తు కావాలంటే కడతాను, కానీ పథ్యం పెడతాను: డాక్టరిచ్చిన మాత్ర ఒక్కపూట మానినా ఈ తాయెత్తు పనిచెయ్యదని చెప్తాను. ఇది కూడా ఒక రకం మోసమే అని మా అబ్బాయి అంటాడు. అనుకోనీండి.

అపోహ: మంత్రగాళ్లని చట్టం ఏమీ చెయ్యలేదు

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. మంత్రం, తాయెత్తు, కవచంతో రోగాలు తగ్గిస్తామని ప్రకటన వేసుకుంటే, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. అందుకే నా గుమ్మానికి బోర్డు లేదు. మోసానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318, హత్యకి సెక్షన్ 103. చిల్లంగి నెపంతో మనుషుల్ని వేధించేవాళ్ల మీద పక్కనున్న ఒడిశా 2013లో ప్రత్యేక చట్టమే తెచ్చింది. అదే ఏడాది, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ని పుణెలో కాల్చి చంపాక, మహారాష్ట్ర కూడా చేతబడి మీద చట్టం తెచ్చింది.

డబ్బు గురించి కూడా అడుగుతారు. అసలైన మంత్రగాడు పైసా ముట్టడనేది ఉత్త మాట. నేను తీసుకుంటాను, 51 రూపాయలు. మొదటిరోజు 500, మూడోరోజు శ్మశానంలో పూజకి ఇరవై వేలు అన్నాడంటే మాత్రం లేచి వచ్చేయండి.

మొన్న శుక్రవారం ఒకాయన కారులో వచ్చాడు. వ్యాపారం దెబ్బతింది, తమ్ముడి మీద అనుమానం. "తీయడం తరవాత, ముందు పేరు చెప్పండి, పదివేలిస్తాను" అన్నాడు. కుదరదన్నాను. నోట్లు పీట మీద పెట్టాడు. తీసి ఆయన చేతిలోనే పెట్టాను. కాసేపు నన్నే చూసి, చెప్పులేసుకుని, సందు చివర ఫ్లెక్సీ కట్టిన ఇంకో ఇల్లుంది, అటు నడిచాడు.