పాత ఉక్కు సైకిలు కొనబోయే పిల్లలకు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

సెలవుల్లో మహేంద్రతనయ ఒడ్డు వెంబడి, ఆపైన కొండదారుల్లో తిరగడానికి మీకు సైకిలు కావలసి వచ్చిందనీ, కూడబెట్టిన డబ్బు కొత్త గేర్ల సైకిలుకు చాలలేదనీ, పాతపట్నంలో ఎవరో పదిహేనేళ్లనాటి ఉక్కు మౌంటెన్ సైకిలును తక్కువకు ఇస్తామంటున్నారనీ రాశారు. కొనవచ్చునా, మోసపోతామా అన్నది మీ ప్రశ్న. వాడుకభాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ కూడా, ఉత్తరం రాయడానికి కూర్చుంటే నా చేతికి బడిభాషే వస్తుంది. కాస్త ఓర్చుకుని చదవండి.

కొనవచ్చును. కాని పాత సైకిలులో మీరు నిజంగా కొంటున్నది ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రమేనని గుర్తుంచుకోవాలి. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, వైర్లు, బాల్సు ఇవన్నీ అరిగిపోవడానికే పుట్టిన వస్తువులు. ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతాయి, మీరే మార్చుకోగలరు. ఫ్రేము చెడితే మాత్రం సైకిలే లేదు. అమ్మేవాడు ఎప్పుడూ కొత్త సీటు, మెరిసే బెల్లు, రంగుల హ్యాండిలు పట్లు చూపిస్తాడు. మీ కళ్లు గొట్టాల మీద ఉండాలి.

ఈ రకం సైకిలు పుట్టిందే పాత ఉక్కు నుంచి. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మెరిన్ కౌంటీ యువకులు కొందరు తమకంటే పెద్ద వయసున్న, లావు టైర్ల సైకిళ్లను చవకగా సంపాదించి, టామల్‌పైస్ కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో కిందికి దూకించేవారు. వాటికి పెడలును వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఉండేది. ఒక్కసారి కొండ దిగేసరికి ఆ వేడికి చక్రం నడిమి హబ్బులోని గ్రీసు కాలి పొగలై పోయేది. మళ్లీ గ్రీసు నింపితే తప్ప మరోసారి దిగడానికి వీలుండేది కాదు. అందుకే 1976లో వారు మొదలుపెట్టిన పందేనికి, మళ్లీ నింపడం అనే అర్థంలో, ‘రీప్యాక్’ అని పేరు పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో ఇలాంటి సైకిలును పెద్ద సంఖ్యలో తయారుచేసి అమ్మడంతో ఇది లోకమంతటా పాకింది. మన వైపు హీరో రేంజర్, హెర్క్యులిస్ వంటివి ఆ రూపాన్ని తీసుకుని, సాదా ఉక్కుతో, చాలావరకు గేర్లు లేకుండానే వచ్చాయి. మీరు కొనబోయేది బహుశా ఆ కుటుంబంలోదే అయి ఉంటుంది.

ఇక ఫ్రేము సంగతి. చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం ముక్క వేసుకుని వెళ్లండి. గొట్టాల పొడవునా దాన్ని ఆనించి జరపండి. అంతటా గట్టిగా అంటుకుంటూ వచ్చి ఒకచోట పట్టు సడలితే, అక్కడ తుప్పు తిన్న గుంటను పుట్టీతో పూడ్చి రంగు వేసి ఉండవచ్చును. తరువాత హ్యాండిలు కింద, ఫోర్కు దూరే పొట్టి గొట్టానికి వెనకాల, ఏటవాలుగా కిందికి దిగే గొట్టం అడుగుభాగాన్ని కళ్లు మూసుకుని వేళ్లతో తడమండి. ముందు నుంచి గట్టిగా దేనికైనా గుద్దుకున్న సైకిలుకు అక్కడ చిన్న ఉబ్బు గాని, రంగులో ముడత గాని తగులుతుంది. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది. ఫోర్కును పక్క నుంచి చూస్తే అది దూరే పొట్టి గొట్టం వాలులోనే దిగివచ్చి చివర ముందుకు వంగాలి. వెనక్కి నొక్కుకుపోయినట్లు కనబడితే బేరం అక్కడితో ఆపేయండి. గొట్టాలు అతికిన చోట్ల వెంట్రుకలాంటి గీత, దాని అంచున గోధుమరంగు మరక కనబడినా అదే మాట.

పైకి కనబడే తుప్పుకు నేను పెద్దగా భయపడను. భయం లోపలి తుప్పుతోనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నా సైకిలు నీళ్లలో నానింది. పైన తుడిచి, చైనుకు నూనె వేసి, అంతా అయిపోయిందనుకున్నాను. మరుసటి ఏడాది సీటు కడ్డీ పైకి లాగబోతే రాలేదు. ఎలాగో ఊడదీస్తే ఎర్రటి బురద, తుప్పు పెచ్చులు గుప్పెడు రాలాయి. నీరు సీటు కడ్డీ పక్క నుంచి దిగి, పెడళ్ల ఇరుసు ఉండే అడ్డగొట్టంలో చేరి, బయటికి పోయే దారి లేక అక్కడే కూర్చుంటుంది. కాబట్టి కొనే ముందు సీటు కడ్డీ కదులుతుందో లేదో చూడండి, తీసి లోపలికి టార్చి వేయండి, సైకిలును తలకిందులు చేసి ఏమి రాలుతుందో గమనించండి. కొన్న తరువాత కూడా ప్రతి వానాకాలం చివర ఈ పని చేసి, గొట్టంలోకి కాస్త మెషిన్ నూనె వదిలి, సైకిలును అటూ ఇటూ వంచి అంతటా పారించాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు; మన కొండల చలికి అది గడ్డకడుతుంది, ఆపైన దుమ్ము పడుతుంది.

ఉక్కే ఎందుకని అడుగుతారు. ఉక్కు బరువైనదే, అల్యూమినియంకు దాదాపు మూడింతలు సాంద్రత ఉంటుంది. కాని ఉక్కుకు ఒక సుగుణం ఉంది: దాని హద్దుకు లోబడిన చిన్న చిన్న ఊపులను ఎన్నిసార్లు ఇచ్చినా అది అలసిపోదు. అల్యూమినియంకు అలాంటి స్పష్టమైన హద్దు లేదు. పైగా ఉక్కు విరిగేముందు వంగి చెబుతుంది. విరిగినా మన ఊరి వెల్డింగు మేస్త్రీ అతకగలడు. గొట్టం మీద ‘క్రోమోలీ’ అని స్టిక్కరు కనబడితే, అది క్రోమియం, మాలిబ్డినం కొద్దిపాళ్లలో కలిపిన బలమైన ఉక్కు. బలం ఎక్కువ కనుక గొట్టాన్ని పలచగా చేయగలుగుతారు, సైకిలు తేలికవుతుంది. అలాంటిది దొరికితే అదృష్టమే గాని, దొరకలేదని మానుకోనక్కరలేదు. చవక సైకిళ్ల స్ప్రింగు ఫోర్కుల కోసం మాత్రం ఆశపడకండి. వాటి బరువు కొండ ఎక్కేటప్పుడు మీ కాళ్లకు తెలుస్తుంది, రెండు వానలకు స్ప్రింగు బిగుసుకుపోతుంది. లావు టైరులో సరిపడా గాలి ఉంచితే అంతకంటే మెత్తగా నడుస్తుంది.

టైరు అన్నాను కనుక నేను పడ్డ పాటు ఒకటి చెప్పాలి. ‘ఇరవయ్యారు’ టైరు కావాలని అడిగి, ఇచ్చినది తెచ్చుకుని, ఇంట్లో చెమటలు కక్కుతూ అరగంట పెనుగులాడాను, రిమ్ముకు ఎక్కలేదు. ఇరవయ్యారు అన్న పేరుతో రెండు వేర్వేరు కొలతలున్నాయని అప్పుడు తెలిసింది. 26 × 1⅜ అని రాసిన సన్నటైరు కూర్చునే రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. 26 × 1.95, 26 × 2.125 అని దశాంశాల్లో రాసిన లావు టైరుది 559. మన తాతల నల్ల సైకిలు 28 × 1½ టైరుది 635. మీకు కావలసినది 559. టైరు పక్కన ‘50-559’ వంటి అంకె అచ్చుపోసి ఉంటుంది, దాన్ని చూసి కొనండి. ఈ 559 కొలత 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ తెచ్చిన లావు టైర్ల సైకిళ్లది; మెరిన్ కుర్రాళ్లు కొండ మీది నుంచి దూకించినవి ఆ కాలపు సైకిళ్లే కనుక, కొలత వాటితోపాటు ఇక్కడిదాకా నడిచి వచ్చింది.

అయస్కాంతాన్ని రిమ్ముకు కూడా ఆనించి చూడండి. అంటుకుంటే అది క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ము. ఎండలో బాగానే ఆగుతుంది, తడిసిందంటే రబ్బరు జారి, ఆగడానికి చాలా దూరం పడుతుంది. అంటుకోకపోతే అల్యూమినియం, వానలో అది ఎంతో నయం. చేతిలో మిగిలిన డబ్బులో మొదటి ఖర్చు బ్రేకు రబ్బర్లు, వైర్లు. ఆ తరువాత వీలైతే ముందు చక్రానికి అల్యూమినియం రిమ్ము వేయించండి. ఆర్. ఉదయగిరి వైపు ఘాటు దిగేటప్పుడు బ్రేకును ఎడతెగకుండా నొక్కిపట్టకుండా, కాసేపు నొక్కి కాసేపు వదులుతూ, రెండు బ్రేకులూ వాడుతూ దిగాలి. ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టేస్తే ఎగిరి ముందుకు పడతారు. వాన కురిసిన రోజున ఉక్కు రిమ్ములతో ఘాటు దిగవద్దు, నడిపించుకుంటూ రండి. ఇందులో నామోషీ లేదు.

చైను అరిగిందో లేదో మీ బడి స్కేలే చెబుతుంది. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి ఇరవై నాలుగు లింకులు లెక్కించండి. కొత్త చైనులో అది సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారోవంతు ఎక్కువ వస్తే చైను మార్చాలి. ఎనిమిదోవంతు సాగితే వెనక చక్రానికుండే ఫ్రీవీలు పళ్లు కూడా అరిగి ఉంటాయి, కొత్త చైను వాటి మీద జారుతుంది. గేర్లుంటే కొండ మొదలయ్యే ముందే తేలిక గేరుకు మార్చుకోండి. సగం ఎక్కాక బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైను తెగే ప్రమాదం ఉంది. పెడళ్లు ఊడదీసేటప్పుడు ఒక్క మాట: ఎడమ పెడలు మరలు మామూలు మరలకు ఎదురు దిశలో ఉంటాయి. తెలియక బలవంతంగా తిప్పి, పెడలు బిగించే క్రాంకు కడ్డీ మరలు చెడగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను, ఒకప్పుడు అద్దంలో కూడా.

కొలత విషయానికి వస్తే, పెద్ద సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ నేర్చుకున్న కాలం మాది. మీకు ఆ అవసరం లేదు. పై కడ్డీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నేల మీద నిలబడితే కడ్డీకీ మీకూ మధ్య రెండు మూడు అంగుళాలు ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని, కిందికి దిగిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. ఎదుగుతున్నాం గదా అని సీటు కడ్డీని దాని మీద గీసిన హద్దు గీత దాటి పైకి లాగకండి. కడ్డీ వంగడమో, ఫ్రేము పగలడమో జరుగుతుంది.

అమ్మేవారి పేరుతో చిన్న రసీదు రాయించుకోండి. సైకిలు అడుగున, పెడళ్ల గొట్టం మీద గాని సీటు గొట్టం మీద గాని చెక్కిన నంబరును అందులో వేయించండి; నంబరును అరగదీసిన సైకిలు ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఈ ఆదివారం పొద్దున్నే దాన్ని మా ఇంటికి తీసుకురండి. బయానా మాత్రం ముందుగా ఇవ్వకండి. పదిహేను నంబరు స్పానరు, కిరసనాయిలు, పాతగుడ్డ నా దగ్గర ఉన్నాయి. సీటు తీసి తలకిందులు చేసి ఏమి రాలుతుందో చూసిన తరువాత బేరం మాట్లాడుదాం.

ఇట్లు,
మీ తాతయ్య