ఎంఎస్ ఫీజు తగ్గదనేవాళ్ళ కోసం: అపోహలు, వాస్తవాలు

అమీర్‌పేట్‌లో ఎంఎస్ అప్లికేషన్ల పని మొదలుపెట్టి పదకొండేళ్ళయింది, రోజూ అవే మాటలు వినీ వినీ ఇది రాస్తున్నా.

అపోహ: వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ ఏ మూలకొస్తది?

వాస్తవం: మొన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకబ్బాయి వాళ్ళ నాన్నతో వచ్చాడు, చేతిలో రెండు అడ్మిట్లు (సీటిస్తున్నామని యూనివర్సిటీలు పంపే లెటర్లు). ఒకటి ప్రైవేటు యూనివర్సిటీ, 8 వేల డాలర్లు ఇస్తోంది. ఇంకోటి టెక్సాస్‌లో గవర్నమెంటుది, వెయ్యే. "వెయ్యి అంటే ఫ్లైట్ టికెట్‌కే సరిపోదు కద మేడమ్" అని నాన్నగారు అప్పటికే ప్రైవేటు దానికి ఫిక్సయిపోయారు. లెటర్ అడుగున చిన్న అక్షరాలు చదవమన్నా. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో లోకల్ స్టూడెంట్లతో పోటీపడి గెలుచుకున్న స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1000 డాలర్లుంటే మనవాళ్ళకి కూడా లోకల్ ఫీజే వేసే రూల్ ఉంది. తేడా క్రెడిట్‌కి (కోర్సుని కొలిచే యూనిట్, ఫీజు దాని లెక్కనే) 400 డాలర్ల పైనే, 30 క్రెడిట్లకి 12 వేలు దాటుద్ది. ఆయన ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి రెండుసార్లు కొట్టుకుని, మూడోసారి కొడుకు చేత కొట్టించారు. కాకపోతే ఈ మినహాయింపు ఒక్కసారికి ఏడాది దాకే, రెండో ఏడాదికి స్కాలర్‌షిప్ మళ్ళీ రావాలి, అందుకే అడ్మిట్ రాగానే "రెన్యూవల్‌కి జీపీఏ (గ్రేడుల సగటు) ఎంత ఉండాలి" అని మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. (కమిషన్ వచ్చే యూనివర్సిటీనే చెప్తామని మామీద అనుమానమా? ఉండనీయండి, తప్పులేదు.)

అపోహ: ఏడాది అక్కడుంటే లోకల్ ఫీజు దానంతటదే వచ్చేస్తది.

వాస్తవం: ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద మామూలుగా రాదు.

అపోహ: క్యాంపస్ జాబ్ దొరికితే ఫీజు మాఫీ.

వాస్తవం: లైబ్రరీలో, క్యాంటీన్‌లో గంటల లెక్కన చేసేది వేరు, టీఏ, ఆర్‌ఏ, జీఏ (టీచింగ్, రీసెర్చ్, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టులు) వేరు. మొదటిదాంతో తిండి ఖర్చు వెళ్తుంది, రెండోదాంతోనే చాలాచోట్ల ట్యూషన్ మొత్తమో కొంతో తగ్గుద్ది. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు దాటొద్దు. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని ఆ పోస్టుల కోసం రెండొందల మంది ప్రొఫెసర్లకి ఒకే మెయిల్ కొట్టకండి బాబూ, ఐదుగురి పేపర్లు చదివి ఐదు మెయిళ్ళు రాయండి చాలు.

అపోహ: ఓవర్సీస్ విద్యానిధి (విదేశీ చదువుకి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే సాయం) శాంక్షన్ అయితే బయల్దేరేముందే 20 లక్షలు చేతికొస్తయ్.

వాస్తవం: ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్ పేరు మీద, బీసీలకి జ్యోతిబా ఫూలే పేరు మీద ఉన్న స్కీములివి, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. మొదటి సగం అక్కడ దిగి ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినట్టు రికార్డు) చూపించాక, రెండో సగం ఫస్ట్ సెమ్ రిజల్ట్ వచ్చాక. అంటే వీసాకి చూపించే డబ్బు మీరే వేరేగా చూసుకోవాలి.

అపోహ: జర్మనీలో అంతా ఫ్రీ.

వాస్తవం: బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్ళకి సెమిస్టర్‌కి 1500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి వసూలు చేస్తోంది.

అపోహ: ఇక్కడే ఎంటెక్ చేస్తే పరువు పోతది.

వాస్తవం: గేట్ స్కోరుతో సీటొస్తే నెలకి 12,400 స్టైపెండ్, మన హైదరాబాద్ ఐఐటీ ఉన్నది సంగారెడ్డి దగ్గర కందిలో, ఇంటికి ఆదివారం వచ్చిపోవచ్చు. ఈ మాట చెప్తుంటే అమ్మలు కుర్చీ ముందుకి జరుపుకుంటారు, అబ్బాయిలు ఫోన్ చూసుకుంటారు.