పులుపెక్కుతున్న సముద్రం, మారుతున్న చప్పుడు

క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు మనందరికీ తెలిసిందే. అదే బోరిక్ ఆమ్లం సముద్రపు నీటిలోనూ కరిగి ఉంటుంది. బోరాన్ లెక్కన లీటరుకు నాలుగున్నర మిల్లీగ్రాములు, అంతే. నీటి అడుగున శబ్దం ఎంత దూరం పోతుందో తేల్చడంలో ఈ చిటికెడుకూ వాటా ఉందని తెలుసుకోవడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములను సోనార్‌తో, అంటే నీటిలోకి శబ్దం పంపి దాని ప్రతిధ్వని వినే పరికరంతో, వెతుకుతున్నవాళ్లకు ఒక చిక్కు ఎదురైంది. మంచినీటి కంటే సముద్రపు నీరు శబ్దాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా మింగేస్తోంది. కారణం మామూలు ఉప్పు కాదని, మెగ్నీషియం సల్ఫేట్ అని 1940ల చివరికి తెలిసింది. కానీ వెయ్యి హెర్ట్జ్‌ల లోపు, అంటే తిమింగలాలు పలికే మంద్రస్థాయిలో, లెక్క ఇంకా కుదరలేదు. అక్కడ శబ్దాన్ని తినేస్తున్నది బోరిక్ ఆమ్లమని 1973లో బయటపడింది.

అది తినే తీరు ఇదీ. శబ్దతరంగం నీటిని నొక్కుతూ వదులుతూ సాగుతుంది. నొక్కినప్పుడల్లా బోరిక్ ఆమ్లం, దాని క్షార రూపమైన బోరేట్ ఒకదాని నుంచి ఒకటిగా మారుతుంటాయి. ఆ మార్పులో కాస్త శక్తి ఖర్చయిపోతుంది. నీటిలో పులుపు పెరిగితే బోరేట్ తగ్గుతుంది, దాంతో ఆ ఖర్చూ తగ్గుతుంది.

పులుపు పెరుగుతోంది కూడా. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పావు వంతు సముద్రాలే పీల్చుకుంటున్నాయి. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న ఉపరితల జలాల పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. పీహెచ్ అంటే పులుపు కొలత, అది తగ్గితే పులుపు పెరిగినట్టు. నీరు ఇంకా క్షారమే. అయినా ఈ కొద్ది తేడాతోనే హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగినట్టు. ‘సముద్ర ఆమ్లీకరణ’ అన్న మాట 2003లో కాల్డైరా, వికెట్ అనే శాస్త్రవేత్తలు రాసిన పత్రంతో వాడుకలోకి వచ్చింది.

ఈ రెండు కథలనూ 2008లో కాలిఫోర్నియాలోని మాంటెరే బే పరిశోధన సంస్థ కలిపింది. పీహెచ్ ఇంకో 0.3 తగ్గితే మంద్రశబ్దాన్ని నీరు పీల్చుకోవడం 40 శాతం వరకు పడిపోతుందని లెక్కగట్టింది. సముద్రం హోరెత్తిపోతుందని పత్రికలు రాశాయి.

రెండేళ్లకే ఇతర శాస్త్రవేత్తలు సరిదిద్దారు. 40 శాతం నిజమే, కానీ దేనిలో 40 శాతం? వంద హెర్ట్జ్‌ల దగ్గర ఈ నష్టం మొదటి నుంచీ అతి స్వల్పం. 1960లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర పేల్చిన బాంబుల చప్పుడు మూడున్నర గంటలు దాటాక ఎక్కడో అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవుల దగ్గర వినబడిందంటే అందుకే. స్వల్పంలో సగం పోయినా స్వల్పమే. మొత్తం రొద పెరిగేది ఒక్క డెసిబెల్ లోపే. మరోపక్క కాలిఫోర్నియా తీరంలో నలభై ఏళ్లలోనే రొద 10 నుంచి 12 డెసిబెళ్లు పెరిగింది. దానికి ముఖ్యకారణం ఓడలు. రొద గురించి బాధపడేవాళ్లు ముందు ప్రొపెల్లర్ల సంగతి చూడాలి.

అంతమాత్రాన ఆమ్లీకరణను వదిలేయడానికి లేదు. దాని అసలు దెబ్బ చప్పుడు చేసే ప్రాణుల మీద పడుతోందని నాకనిపిస్తోంది. వెచ్చని తీరాల్లో నీళ్లలోకి మైకు దించితే తాలింపు మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. అది పిస్టల్ రొయ్యల పని. వేలెడంత కూడా లేని ఆ రొయ్య తన కొండిని టప్పున మూస్తే పుట్టే బుడగ పగిలి అంత మోత చేస్తుంది. సముద్రగర్భం నుంచి కార్బన్ డయాక్సైడ్ సహజంగా ఉబికే చోట్ల అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ చప్పుడును రికార్డు చేశారు. రొయ్యలు కొండి కొట్టడమూ తగ్గింది, కొట్టిన మోతా తగ్గింది. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి.

చేపల గురించి మాత్రం అంత గట్టిగా చెప్పను. పులుపు నీటిలో వాటి ప్రవర్తన దెబ్బతింటుందన్న ఫలితాలు కొన్ని, 2020లో ప్రయోగాలను పెద్ద ఎత్తున తిరిగి చేసినప్పుడు నిలబడలేదు.

కానీ ఉండాల్సిన పగడపు దిబ్బను (రీఫ్‌ను) వెతుక్కోవడానికి రొయ్యల చిటపట చేపపిల్లలకు అవసరం. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో పరిశోధకులు చచ్చిన పగడాలతో చిన్న చిన్న గుట్టలు పేర్చి, కొన్నిటి దగ్గర స్పీకర్లు పెట్టి రాత్రంతా రొయ్యల చిటపటతో కూడిన రీఫ్ చప్పుళ్లు వినిపించారు. తెల్లవారి చూస్తే, నడిసముద్రం నుంచి వచ్చిన చేపపిల్లలు చప్పుడున్న గుట్టల దగ్గరే ఎక్కువగా చేరి ఉన్నాయి.