డ్రైవర్ తీసుకున్నది ఎప్పుడు వదలాలి?

రుషికొండ ఐటీ హిల్స్‌లోనో, మధురవాడ హాస్టల్ గదిలోనో లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్ రాయడానికి కూర్చున్నవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు పాకెట్లతో కాదు, శుభ్రం చేయడంతో. పరికరం దొరకగానే నడిచే ప్రోబ్ ఫంక్షన్ మెమరీ, రిజిస్టర్ల మ్యాపింగ్, క్లాక్, ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) వరుసగా తీసుకుంటుంది. నాలుగోది దొరక్కపోతే మొదటి మూడింటినీ వెనక నుంచి వదలాలి. అలా వదలడానికి రాసే గోటూ లేబుళ్లలో ఒకటి తప్పితే లీకే, తీసుకున్నది తిరిగి రాదు.

2007లో 2.6.21 కెర్నెల్‌తో వచ్చిన డెవ్‌రెస్ అనే ఏర్పాటు ఈ భారాన్ని తీసేసింది. డెవ్ఎం (devm_) అని మొదలయ్యే దాని ఫంక్షన్లతో తీసుకున్నదంతా పరికరం పేరిట జాబితాకెక్కుతుంది. ప్రోబ్ విఫలమైనా, పరికరాన్ని తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ ముగిసినా కెర్నెలే తిరుగు వరుసలో వదులుతుంది.

ప్రమాదమంతా 'రిమూవ్ ముగిశాక' అన్నచోటే ఉంది. ఇంటరప్ట్‌ని డెవ్ఎంతో తీసుకుని, నెట్‌డెవ్‌ని (నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ వివరాలుండే కెర్నెల్ మెమరీ) మాత్రం రిమూవ్‌లో ఫ్రీ_నెట్‌డెవ్‌తో చేత్తో వదిలారనుకోండి. రిమూవ్ ముగిసేదాకా ఇంటరప్ట్ బతికే ఉంటుంది. అదే లైన్‌ని పంచుకునే మరో పరికరం మోగించినా మన హ్యాండ్లర్ నడుస్తుంది, వదిలేసిన మెమరీని ముట్టుకుంటుంది. కాబట్టి రెండూ డెవ్ఎంతోనే తీసుకోవాలి, నెట్‌డెవ్ ముందు, ఇంటరప్ట్ తర్వాత. లేదా రెండూ డెవ్ఎం లేకుండా తీసుకుని, ఇంటరప్ట్‌ని వదిలే ఫ్రీ_ఐఆర్‌క్యూని మనమే ఫ్రీ_నెట్‌డెవ్‌కి ముందు పిలవాలి. సగం సగం కలపడమే అసలు తప్పు.

రెండో లోపం నిశ్శబ్దంగా పెరుగుతుంది. ఇంటర్‌ఫేస్ అప్ చేసినప్పుడల్లా నడిచే ఓపెన్‌లో డెవ్ఎం వాడితే, డౌన్ చేసినా ఆ మెమరీ వెనక్కి రాదు. ఉదాహరణకు అక్కడ తీసుకున్న పట్టికలో 16 బైట్ల ఎంట్రీలు 256 అంటే సరిగ్గా 4096 బైట్లు. డెవ్‌రెస్ హెడర్ కలవడంతో అది 8192 బైట్ల గడిలోకి జారుతుంది. వెయ్యిసార్లు అప్, డౌన్ చేస్తే దాదాపు 8 ఎంబీ. జాబితా ఇంకా చూపిస్తూనే ఉంటుంది కాబట్టి లీకులు వెతికే కేమెమ్‌లీక్‌కి ఇది లీక్‌గా కనిపించదు. ఓపెన్‌లో తీసుకున్నది, డౌన్ చేసినప్పుడు నడిచే స్టాప్‌లో చేత్తోనే వదలాలి.

2023లో 6.5 కెర్నెల్‌తో గార్డ్ లాంటి, కోడ్ బ్లాక్ ముగియగానే తీసుకున్నది తామే వదిలే స్కోప్ ఆధారిత పద్ధతులూ వచ్చాయి. 20 లైన్లు దాటిన ఫంక్షన్లలో గార్డ్ వద్దని నెట్‌డెవ్ (ఇక్కడ కెర్నెల్ నెట్‌వర్కింగ్ విభాగం) నిర్వాహకుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. డెవ్ఎం కూడా వాళ్లకు ఆమోదయోగ్యమే తప్ప ఇష్టమైన శైలి కాదు. ఇంటరప్టులూ టైమర్లూ క్యూలూ ఒకదానిమీద ఒకటి ఆధారపడేచోట, వదిలే క్రమం కంటికి కనబడటం అవసరం. ఆ జాగ్రత్త సరైనదే.

పరీక్ష కష్టం కాదు. మెమరీ తప్పులు పట్టే కేసాన్, పంచుకున్న ఇంటరప్టులను పరీక్షించే డీబగ్_షిర్క్ ఆన్ చేసి కెర్నెల్ కట్టండి. నెట్‌వర్క్ రద్దీ పుట్టించే ఐపెర్ఫ్ నడుస్తుండగా, పరికరాలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌బైండ్, బైండ్ (డ్రైవర్‌ని పరికరం నుంచి విడదీయడం, మళ్లీ కలపడం) తిప్పుతూ ఉండండి. పంచుకున్న ఇంటరప్ట్‌ని వదిలేటప్పుడు డీబగ్_షిర్క్ హ్యాండ్లర్‌ని కావాలనే ఒకసారి పిలుస్తుంది. మెమరీ అప్పటికే పోయి ఉంటే, దాన్ని ఎక్కడ వదిలారో, ఎవరు ముట్టుకున్నారో రెండూ కేసాన్ రిపోర్టులో దొరుకుతాయి.