బెజవాడలో కేబుల్ ఉంది, జనం ఛానల్ ఎందుకు లేదు?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారన్న వార్త రాష్ట్రమంతటికీ తెలిసింది. ఏ వీధి చివరికి పడవ వస్తుందో, పాల ప్యాకెట్లు ఎక్కడ పంచుతున్నారో, ఫలానా సందులో నీళ్లు ఎంత తీశాయో తెలుసుకోవాలంటే మాత్రం చాలామందికి వాట్సాప్ ఫార్వర్డ్‌లే దిక్కయ్యాయి. వాటిలో ఏది నిజమో ఏది పుకారో ఎవరికి తెలుసు? మునిగిన ఇళ్లలో కరెంటు లేదు, టీవీ ఎలాగూ పనిచేయదు, నిజమే. కానీ వాళ్ల కోసం టెన్షన్‌తో ఎదురుచూసే బంధువులు ఊళ్లో ఎండిన వైపు కూడా ఉన్నారు, వాళ్ల ఇళ్లలో కేబుల్ వస్తూనే ఉంది.

ఊరి సంగతులు ఊరివాళ్లే చెప్పుకునే టీవీ ఒకటి ఉండాలన్న మాట అలాంటప్పుడు లేస్తుంది, నీళ్లు తీశాక పోతుంది. అది ఎందుకు లేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1948 డిసెంబర్ 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. అంతకుముందు కోస్తా జిల్లాలకు తెలుగు ప్రసారం మద్రాసు నుంచి రావాల్సిందే. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి వాళ్లు డైరెక్టర్లుగా పనిచేసిన కేంద్రం అది. ఊరికి ఒక గొంతు ఇచ్చిందనడంలో సందేహం లేదు, కానీ ఆ గొంతు ప్రభుత్వానిది. టీవీ విషయంలో ఆ మాత్రం కూడా దక్కలేదు. తెలుగు దూరదర్శన్ 1977 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలైంది, అక్కడి వాళ్లు ఏది వేస్తే బెజవాడ అది చూసింది. ఇంతలో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో వేరే పని జరిగింది. 1975 ప్రాంతంలో పీజ్ అనే ఊళ్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, చుట్టుపక్కల పల్లెల వాళ్ల సమస్యల మీద వాళ్ల చేతే నటింపజేస్తూ కార్యక్రమాలు తీశారు. జనం టీవీ అన్న మాటకు మన దేశంలో దగ్గరగా వచ్చింది అదొక్కటే అనిపిస్తుంది. ఆ నమూనా మిగతా ఊళ్లకు పాకలేదు.

బెజవాడకు సొంత బొమ్మ వచ్చింది ప్రభుత్వం వల్ల కాదు, కేబుల్ కుర్రాళ్ల వల్ల. 1980ల చివర, 90ల మొదట్లో ఒక డాబా మీద డిష్, కింద గదిలో రెండు వీసీఆర్‌లు, అక్కడి నుంచి స్తంభం మీదుగా, చెట్టు మీదుగా, పక్కింటి పిట్టగోడ మీదుగా నల్లటి వైరు. మధ్యమధ్య యాంప్లిఫయర్ డబ్బాలు. నెల మొదట్లో కుర్రాడు కార్డు పట్టుకుని వచ్చి డబ్బులు తీసుకుని సంతకం చేసేవాడు. తెలుగు సినిమా పంపిణీకి గాంధీనగర్ పెద్ద అడ్డా కదా, రాత్రిపూట కేబుల్‌లో వేసే సినిమాల మీద గొడవలకు కొదవ లేదు. ఆ సినిమాల మధ్య ఖాళీలోనే లోకల్ ఛానల్ పుట్టింది. కింద స్క్రోలింగ్‌లో చీరల షాపు ప్రకటన, స్టూడియో ఫొటోతో పుట్టినరోజు శుభాకాంక్షలు, ‘కనబడుటలేదు’ నోటీసు. దసరాకు ఇంద్రకీలాద్రి క్యూ లైన్లు, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలు, కార్పొరేషన్ కౌన్సిల్‌లో అరుపులు. పేరు ఏదైనా సరే, జనం నోట్లో అన్నీ ‘సిటీ కేబులే’.

ఆ ఛానళ్లను తీసిపారేయడం తేలికే కానీ న్యాయం కాదు. రాష్ట్ర స్థాయి ఛానళ్లు ఏనాడూ పట్టించుకోని డ్రైనేజీని, కొండ ప్రాంతంలో మంచినీళ్ల గొడవను చూపించింది అవే. కాకపోతే వాటిలో ఏం రావాలో తేల్చేది ఆపరేటరూ, ప్రకటనలిచ్చే వ్యాపారీ, ఆ వెనుక ఉండే నాయకుడూ. వించిపేటలో ఉర్దూ మాట్లాడే కుటుంబం, వన్‌టౌన్‌లో మూడు తరాలుగా గుడ్డల వ్యాపారం చేస్తున్న మార్వాడీ ఇల్లు, శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చి కొండ మీద ఇల్లు కట్టుకున్నవాళ్లు, రాజధాని మారాక హైదరాబాద్ నుంచి దిగిన ఉద్యోగులు, వీళ్లంతా చందా కట్టేవాళ్లే. తెర మీదికి రావాలంటే మాత్రం పండగో ప్రమాదమో జరగాలి.

1995లో రెండు జరిగాయి. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల కేసులో, రేడియో, టీవీ ప్రసారాలను మోసే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అదే ఏడాది కేబుల్ టీవీ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం వచ్చింది. అప్పట్లో ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాల్సి ఉండేది. దూరదర్శన్ ఛానళ్లు తప్పక ఇవ్వాలి, ఏం చూపకూడదో చెప్పే ప్రోగ్రామ్ కోడ్ పాటించాలి. చట్టం ప్రభుత్వాన్ని చూసింది, ఆపరేటర్‌ని చూసింది. చందాదారుడిని కొనుక్కునేవాడిగానే చూసింది, చెప్పుకోవాల్సింది ఉన్న మనిషిగా చూడలేదు.

ఆ తీర్పు ఫలం రేడియోకు కొంత దక్కింది. 2002లో విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల జనం కోసం నడిచే చిన్న స్టేషన్, పెట్టుకునే అనుమతి ఇచ్చారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో అదే ఏడాది మహిళా సంఘాలు మొదలుపెట్టిన ‘మన రేడియో’ను మాత్రం అనుమతి లేదని కొన్ని నెలలకే మూయించారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచారు, 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. ఆ ప్రాంతపు దళిత మహిళలు అంతకుముందే కెమెరా పట్టి డాక్యుమెంటరీలు తీశారు. కాబట్టి జనానికి చేతకాదన్న మాట చెల్లదు. టీవీకి అలాంటి విధానం ఈ దేశంలో రానేలేదు.

అమెరికాలో ఈ ముడిని మరోలా విప్పారు. మా వీధుల మీదుగా తీగలు లాగి సంపాదిస్తున్నావు కాబట్టి మా ఊరివాళ్లకు ఒక ఛానల్ ఇవ్వు అని కేబుల్ కంపెనీని నగరపాలక సంస్థ అడగొచ్చని 1984 చట్టం చెప్పింది. ఆదాయంలో 5 శాతం దాకా ఫీజూ తీసుకోవచ్చు. చాలా ఊళ్లలో ఆ డబ్బుతోనే స్టూడియోలు నడిచాయి. మన దగ్గర తీగలు విద్యుత్ స్తంభాల మీద వేలాడాయి. స్తంభానికి అద్దె అన్న గొడవే తప్ప, స్తంభానికి బదులు ఛానల్ అన్న మాట ఎవరికీ తట్టలేదు. 2017 డిసెంబర్‌లో ప్రభుత్వమే ఏపీ ఫైబర్‌నెట్‌ను నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, ఫోన్, టీవీ అంటూ ప్రారంభించినప్పుడు అడగడానికి అంతకు మించిన అదను లేదు. అదీ పోయింది.

సెట్‌టాప్ బాక్సులు వచ్చాక చిన్న ఆపరేటర్ చేతిలో పగ్గాలు లేవు. సిగ్నల్ ఇచ్చే పెద్ద ఆపరేటర్, అంటే ఎంఎస్‌ఓ, చేతిలోకి లోకల్ ఛానల్ వెళ్లిపోయింది. 2022 నవంబర్ 30న కేంద్రం ఈ ఛానళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ‘ప్లాట్‌ఫామ్ సర్వీస్’ అన్నది వాటికి పెట్టిన పేరు. ఒక్కో ఛానల్‌కు రిజిస్ట్రేషన్ ఫీజు 1,000 రూపాయలు. స్థానిక వార్తలు ఇవ్వాలంటే ఆపరేటర్ కంపెనీగా ఉండాలి. 90 రోజుల రికార్డింగ్ దాచాలి. ఇలాంటి ఛానళ్లు ఆపరేటర్ మొత్తం ఛానళ్ల సామర్థ్యంలో 5 శాతం మించకూడదు, ఇవి కాక జిల్లాకు రెండు అదనం.

వీటిలో అసలు మెలిక మరొకటి ఉంది. ఒక ఆపరేటర్ ఛానల్‌లో వచ్చేది మరో ఆపరేటర్‌కు ఇవ్వకూడదు. గుడులు, గురుద్వారాల వంటి చోట్ల నుంచి వచ్చే లైవ్‌కు మినహాయింపు ఉంది. అంటే దుర్గమ్మ గుడి నుంచి వచ్చే ప్రసారాన్ని ఊళ్లోని ఆపరేటర్లందరూ పంచుకోవచ్చు, కొండ కింద డివిజన్‌లో మంచినీళ్ల మీద జరిగిన మీటింగ్‌ను పంచుకోకూడదు. ఊరి తగువును ఊరంతా చూడాలంటే ఊరంతా ఒకే కంపెనీకి చందా కట్టాలన్నమాట! వ్యాపార పోటీ లెక్కలో ఇది సబబే కావచ్చు. 64 డివిజన్ల ఊళ్లో జనం ఛానల్ అనే ఆలోచనకు ఇది మొదట్లోనే గండి.

జిల్లాకు రెండు ఛానళ్లన్న లెక్కలోనూ చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా వచ్చాక విజయవాడ దాని కేంద్రమైంది. వారధి దాటితే తాడేపల్లి, అది గుంటూరు జిల్లా. పొద్దున్నే అటూ ఇటూ తిరిగే జనానికి అది ఒకే ఊరు, కాగితం మీద రెండు.

అయినా ఆ అదనపు రెండు ఛానళ్లే ఇప్పుడు చేతికందే దూరంలో ఉన్నవి. వాటిలో వారానికి కొన్ని గంటలు కాలనీ సంఘాలకు, కాలేజీ పిల్లలకు, ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్లవాళ్లకు ఇవ్వాలని ఎక్కడా రాసి లేదు, ఇవ్వకూడదనీ లేదు. ఆ గంటలకు పైన చెప్పిన పంచుకోకూడదన్న నిబంధన నుంచి గుడి లైవ్‌కు ఇచ్చినట్టే మినహాయింపు ఇస్తే చాలు. పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని కాదిది, మార్గదర్శకాల్లో ఒక పేరా కలపాలి. ఆ అధికారం కేంద్ర సమాచార, ప్రసార శాఖది. అడగాల్సింది మాత్రం ఇక్కడి కార్పొరేషన్, ఇక్కడి ఎంపీ.