నీళ్ళు గోడ దాటకముందే

2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ అమెరికాలో లూసియానా తీరాన్ని తాకింది. న్యూ ఆర్లీన్స్ నగరం దాదాపు 80 శాతం మునిగిపోయింది. అంత పెద్ద తుఫానుకు నీళ్ళు కట్టలు దాటి ఉంటాయని అనుకుంటాం. ఊరికి తూర్పున చాలాచోట్ల జరిగింది అదే. కానీ 17వ వీధి కాలువ దగ్గర నీళ్ళు గోడ అంచుదాకా రాకముందే గోడ పడిపోయింది.

ఈ ఊరికి ఉత్తరాన పాంచట్రేన్ సరస్సు, దక్షిణాన మిసిసిపి నది. మధ్యలో ఊరు పళ్ళెంలా ఉంటుంది. వాననీరు దానంతటది బయటికి పోదు, పంపులతో కాలువల్లోకి ఎత్తిపోస్తే సరస్సులో కలుస్తుంది. వందేళ్ళ కిందట పెద్ద పంపులు వచ్చాకే అక్కడి చిత్తడి నేలలు ఇళ్ళ స్థలాలయ్యాయి. ఆ నేలేమో వేళ్ళూ ఆకులూ కుళ్ళి పేరుకున్న మెత్తటి మన్ను. తడి ఆరితే కుంగుతుంది, గాలి తగిలితే కొద్దికొద్దిగా హరించుకుపోతుంది. అలా నీళ్ళు తోడినకొద్దీ ఊరే కిందికి దిగింది. ఇప్పుడు సగం ఊరు సముద్రమట్టానికి దిగువనే ఉంది.

ఆ రోజు గాలి తోసిన సరస్సు నీరు కాలువల్లోకి ఎదురెక్కింది. 17వ వీధి కాలువకు మట్టిగట్టు, అందులో దిగేసిన ఉక్కు పలకలు, వాటిపైన కాంక్రీటు గోడ. నీటి బరువుకు గోడ ఇళ్ళ వైపు కాస్త ఒరిగింది. కాలువ వైపు గోడకీ మట్టికీ మధ్య సన్నటి సందు పడింది. ఆ సందులోకి నీళ్ళు దిగి, పలకల్ని కింది నుంచి పైదాకా నెట్టాయి. అడుగున ఉన్నది బలం లేని బంకమన్ను. గట్టు గట్టంతా పది మీటర్లకు పైగా జారిపోయింది. ఊళ్ళోనే ఇంకో కాలువ, లండన్ అవెన్యూ కాలువ, కింద మాత్రం ఇసుక ఉంది. అక్కడ నీరు ఆ ఇసుకలోంచి ఊటలా వచ్చి గోడను అడుగునుంచే దెబ్బతీసింది.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఆర్మీ ఇంజనీర్ల విభాగం 1985లో ఇలాంటి గోడ కట్టి పరీక్షించినప్పుడే ఆ సందు కనబడింది. డిజైన్‌లో మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

2024లో బుడమేరు గండ్లు చూసిన విజయవాడ వాళ్ళకి తెలుసు, వాన వెలిసినా గండిలోంచి నీళ్ళు వస్తూనే ఉంటాయని. న్యూ ఆర్లీన్స్‌లోనూ సరస్సు మట్టం, ఊళ్ళో నీటిమట్టం ఒకటయ్యేదాకా వరద ఆగలేదు. తోడడానికి ఆరు వారాలు పట్టింది. లూసియానాలో చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది 75 ఏళ్ళు, అంతకు మించిన వయసువాళ్ళు.

ఇప్పుడు ఆ కాలువలు సరస్సులో కలిసేచోట గేట్లు, పంపులు పెట్టారు. సరస్సు పొంగితే గేట్లు మూసేసి, కాలువలోని వాననీటిని పంపులతో సరస్సులోకి తోడేస్తారు.