డిస్క్ ఆపరేషన్‌కు అసలు పోటీ కాలంతోనే

నడుము నొప్పికని తీయించిన ఎంఆర్‌ఐ రిపోర్టు చదివితే, నొప్పి లేనివాళ్లకు కూడా కొత్తగా పుట్టుకొచ్చేలా ఉంటుంది. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ ఉబ్బింది, ఎల్5-ఎస్1 దగ్గర ఎండిపోయింది, నరం వేరు నొక్కుకుపోతోంది, ఎముక అంచులు పెరిగాయి... ఇలా సాగుతుంది. చదివినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాటికి చుట్టాల్లో సగం మంది ‘వెంటనే ఆపరేషన్ చేయించుకో’ అంటారు, మిగతా సగం ‘వెన్నెముక జోలికి మాత్రం పోవద్దు’ అంటారు.

ఆ రిపోర్టును ఎంతవరకు పట్టించుకోవాలో చెప్పే అధ్యయనం ఒకటి 1994లో అమెరికాలో జరిగింది. అసలు నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీశారు. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్క్ ఉబ్బి ఉంది. 27 శాతం మందికి డిస్క్ ఒకవైపు పొడుచుకు వచ్చి ఉంది. డిస్కులన్నీ చక్కగా ఉన్నవాళ్లు 36 శాతమే. 2015లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి మూడు వేల మందికి పైగా నొప్పి లేనివాళ్ల స్కాన్లను పరిశీలించారు. డిస్క్ అరుగుదల 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందిలో, 80 ఏళ్లకు 96 శాతం మందిలో కనిపించింది. అంటే రిపోర్టులో రాసినవాటిలో చాలా భాగం వయసు చేసే పనే. అలాగని రిపోర్టును చింపి పారేయమని కాదు. డిస్క్ లోపలి గుజ్జు పూర్తిగా బయటికి తోసుకొచ్చిన పరిస్థితి, ఆ 98 మందిలో ఒక శాతానికే ఉంది. కాబట్టి ‘ఉబ్బింది’ అన్నదానికీ ‘బయటికి వచ్చింది’ అన్నదానికీ చాలా తేడా ఉంది. అందులోనూ ఆ గుజ్జు ఏ నరాన్ని తాకుతోంది, నొప్పి సరిగ్గా ఆ నరం దారిలోనే ఉందా అన్నది ఇంకా ముఖ్యం.

వెన్నుపూసల మధ్య మొత్తం 23 డిస్కులు ఉంటాయి. ఒక్కో దానికి మధ్యలో నీరు నిండిన మెత్తటి గుజ్జు, దాని చుట్టూ ఉల్లిపాయ పొరల్లా గట్టి నారపొరలు. పెద్దయ్యాక డిస్క్ లోపలికి రక్తనాళాలు దాదాపు ఉండవు. పైనా కిందా ఉన్న ఎముకల నుంచి ఊరి వచ్చే పోషకాలతోనే అది బతుకుతుంది. అందుకే ఒకసారి చిరిగితే సరిగ్గా అతుక్కోవడం కష్టం. నడుము భాగంలో వచ్చే డిస్క్ సమస్యల్లో 90 శాతానికి పైగా కింది రెండు డిస్కుల్లోనే, అంటే రిపోర్టులో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాసేవాటిలోనే. నారపొర చిరిగి గుజ్జు వెనక్కి తోసుకొచ్చినప్పుడు పక్కనే కాలికి వెళ్లే నరం వేరు ఉంటుంది. అప్పుడే నొప్పి పిరుదులోంచి తొడ వెనకగా, పిక్క మీదుగా పాదం దాకా లాగుతుంది. దాన్నే సయాటికా అంటాం.

1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ ఈ సంగతిని స్పష్టంగా చూపించారు. అంతకుముందు ఆపరేషన్లలో ఇలాంటి ముక్కలు దొరికితే మృదులాస్థి గడ్డలనుకునేవారు. ఆ తర్వాత చాలాకాలం అందరి దృష్టీ ‘నొక్కుడు’ మీదే ఉండిపోయింది. నరం నొక్కుకుంది, తీసేస్తే సరి. కానీ మామూలు నరాన్ని నొక్కితే ఎక్కువగా వచ్చేది తిమ్మిరి, మొద్దుబారడం. అంత భయంకరమైన నొప్పి పుట్టాలంటే నరం వాచి ఉండాలి. గుజ్జులోంచి విడుదలయ్యే రసాయనాలే ఆ వాపును రేపుతాయి. డిస్క్ అంతే ఉబ్బి ఉన్నా కొన్ని వారాలకు నొప్పి దానంతటదే తగ్గిపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తుంది. డిస్క్ గుజ్జు రక్తప్రసారానికి దూరంగా, నారపొరల వెనక దాక్కుని ఉంటుంది. కాబట్టి శరీర రక్షణ వ్యవస్థకు దానితో పెద్దగా పరిచయం ఉండదు. అది బయటపడగానే పరాయి వస్తువు వచ్చిందనుకుని తెల్ల రక్తకణాలు చుట్టుముడతాయి. ముక్క చుట్టూ కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, వాటి గుండా మాక్రోఫేజ్ కణాలు వచ్చి ఆ ముక్కను కొంచెం కొంచెంగా మింగేస్తాయి. ఉన్న నీరు కూడా ఇగిరిపోతుంది. విచిత్రం ఏమిటంటే, ఎంత ఎక్కువగా బయటికి వస్తే అంత బాగా కరుగుతుంది. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, డిస్క్ నుంచి పూర్తిగా విడిపోయిన ముక్కలు 96 శాతం కేసుల్లో చిక్కిపోయాయి. బయటికి తోసుకొచ్చి ఇంకా అంటుకునే ఉన్నవి 70 శాతం, పొడుచుకు వచ్చినవి 41 శాతం, ఊరికే ఉబ్బినవైతే 13 శాతం కేసుల్లోనే తగ్గాయి. స్కాన్‌లో చూడ్డానికి భయపెట్టే పెద్ద ముక్కే చాలాసార్లు ముందుగా మాయమవుతుంది.

చికిత్స ఏదో తేల్చుకోవడానికి డాక్టరు గదిలో జరిగే ఐదు నిమిషాల పరీక్షకు చాలా విలువ ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా మడమ పట్టుకుని కాలు నెమ్మదిగా పైకెత్తుతారు. నరం వాచి ఉంటే 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో ఎక్కడో ఒకచోట, మోకాలి కింది దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగుతుంది. తొడ వెనక కండరం బిగుసుకున్నట్టు ఉంటే అది వేరు. తర్వాత మడమల మీద నడవమంటారు. పాదం పైకి లేవకుండా వాలిపోతే ఎల్5 నరం మీద అనుమానం. మునివేళ్ల మీద లేవలేకపోతే ఎస్1. బొటనవేలి వైపు మొద్దుబారిందా, చిటికెన వేలి వైపా అని గిల్లి చూస్తారు. చీలమండ వెనక చిన్న సుత్తితో తట్టి పాదం కదలికను గమనిస్తారు. ఇవేవీ చూడకుండా రిపోర్టు మాత్రమే చదివి ఆపరేషన్ తేదీ రాసేస్తుంటే ఇంకో డాక్టరును కలవడం మంచిది.

ఈ పరీక్షలో తేలాల్సింది ముఖ్యంగా ఒకటుంది: కాలి నొప్పి ఎక్కువా, నడుము నొప్పి ఎక్కువా? డిస్క్ ఆపరేషన్ నరాన్ని విడిపిస్తుంది. కాబట్టి అది బాగా తగ్గించేది కాలి నొప్పినే. నడుములో మాత్రమే నొప్పి ఉండి, కాలికి ఏమీ లాగకపోతే ఆ ఆపరేషన్ వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. ‘ఆపరేషన్ చేయించుకున్నా నడుము నొప్పి పోలేదు’ అనేవాళ్లలో చాలామంది దగ్గర అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది.

తూకం వేసుకుంటూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు తప్పడం, మర్మావయవాల చుట్టూ, పిరుదుల మధ్య స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ ఒకేసారి బలం కోల్పోవడం. వీటిలో ఏది కనిపించినా వెన్నుపాము కింద ఉండే నరాల కట్ట మొత్తం నలిగిపోతోందేమోనని అనుమానించాలి. అది అత్యవసర పరిస్థితి, గంటల్లో ఆసుపత్రికి చేరాలి. పాదం వాలిపోవడం, కాలి బలం రోజురోజుకూ తగ్గడం కూడా వెంటనే సర్జన్‌కు చూపించాల్సినవే. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పెద్ద దెబ్బ తగలడం ఉంటే సమస్య డిస్క్‌ది కాకపోవచ్చు, వేరే దారిలో వెతకాలి.

ఇవేవీ లేనప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. ఒకప్పుడు కదలకుండా మంచం మీద పడుకోమనేవారు. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల మీద దీన్ని పరీక్షించారు. సగం మంది రెండు వారాలు మంచం పట్టారు, మిగతావాళ్లు వీలైనంతవరకు తిరిగారు. పన్నెండు వారాలకు రెండు వైపులా మెరుగైనవాళ్లు సమానమే, 87 శాతం. పడుకున్నందుకు అదనంగా వచ్చిందేమీ లేదు. బరువులు కట్టి నడుమును లాగే ట్రాక్షన్‌దీ దాదాపు అదే కథ.

మందుల సంగతి ఇంకా నిరాశ. మామూలు నడుము నొప్పికి పారాసిటమాల్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయదని 2014లో 1,600 మందికి పైగా రోగులతో జరిపిన ప్రయోగంలో తేలింది. సయాటికాకు విరివిగా రాసే ప్రీగాబలిన్‌ను 2017లో 209 మందిలో పరీక్షించారు. నొప్పి తగ్గించడంలో తేడా రాలేదు గానీ, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. వాపు తగ్గించే ఐబుప్రోఫెన్ లాంటివి కొంత సాయపడతాయి. కడుపు, కిడ్నీలు, గుండె సమస్యలున్నవాళ్లు వాటిని సొంతంగా వేసుకోకూడదు. నరం దగ్గర ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మీద ఆశలు పెద్దవి, ఫలితం చిన్నది. నూరు పాయింట్ల కొలతలో సగటున ఐదు పాయింట్ల మేర నొప్పి తగ్గుతుంది, అదీ కొంతకాలమే. సగటు కాబట్టి కొందరికి బాగానే పనిచేస్తుంది. ఆ కొన్ని వారాలు గట్టెక్కడానికి ఒకసారి వేయించుకోవడంలో తప్పులేదు, మళ్లీ మళ్లీ వేయించుకుంటూ పోవడంలో మాత్రం అర్థం కనిపించదు. ఫిజియోథెరపీ డిస్క్‌ను ‘లోపలికి నెట్టేయదు’. కదలాలంటే ఉన్న భయాన్ని పోగొట్టి, కండరాలు చిక్కిపోకుండా కాపాడుతుంది. దానికి అంతకంటే గొప్పలు చెప్పనక్కర్లేదు.

నిజానికి ఆపరేషన్‌కు పోటీ ఈ మందులూ ఇంజెక్షన్లూ కావు, కాలం. ఈ రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టిన ప్రయోగం 2007లో నెదర్లాండ్స్ నుంచే వచ్చింది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు త్వరగా ఆపరేషన్. రెండో గుంపును ఆగి చూడమన్నారు, తట్టుకోలేకపోతే అప్పుడు ఆపరేషన్. ఆగిన వాళ్లలో 39 శాతం మంది ఏడాదిలోపు ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే దాదాపు పదిమందిలో ఆరుగురికి కత్తి అవసరమే రాలేదు. కోలుకోవడానికి పట్టిన మధ్యస్థ కాలం (సగం మంది కోలుకునేసరికి గడిచిన సమయం) ముందుగా ఆపరేషన్ అయినవాళ్లకు 4 వారాలు, ఆగినవాళ్లకు 12 వారాలు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. కాబట్టి ఆపరేషన్ ఇచ్చేది ముఖ్యంగా వేగం. ఆ ఎనిమిది వారాల విలువ ఎంతో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. పసిబిడ్డను ఎత్తుకోవాల్సిన తల్లికీ, రోజంతా నిలబడి పనిచేస్తే తప్ప గడవనివాళ్లకీ అది చాలా పెద్ద మొత్తం. ఇంట్లో కూర్చుని పని చేసుకోగలిగినవాళ్లకు ఓపిక పట్టదగ్గ మొత్తం. ఈ లెక్క డాక్టరు వేయలేడు, రోగే వేసుకోవాలి.

అమెరికాలో 2006లో వెలువడిన పెద్ద ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. చీటీలు వేసినట్టు రోగులను ఆపరేషన్‌కూ, మామూలు చికిత్సకూ కేటాయించారు. ఆపరేషన్ వచ్చినవాళ్లలో సగం మందే మూడు నెలల్లోపు చేయించుకున్నారు, మామూలు చికిత్స వచ్చిన గుంపులో 30 శాతం మంది ఈలోపే చేయించేసుకున్నారు. తగ్గుతున్నవాళ్లు తప్పుకున్నారు, తట్టుకోలేనివాళ్లు తోసుకొచ్చారు. పరిశోధకులకు ఇది తలనొప్పే, లెక్కలన్నీ కలిసిపోయాయి. నాకైతే రోగుల మీద గౌరవం పెరిగింది.

మరి ఎన్నాళ్లు ఆగాలి? ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి చూడమనడం మామూలే. అంతకు మించి ఊరికే సాగదీయడం కూడా మంచిది కాదు. 2020లో వచ్చిన కెనడా ప్రయోగంలో, నాలుగు నుంచి పన్నెండు నెలలుగా కాలి నొప్పి తగ్గని 128 మందిని తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత పది పాయింట్ల కొలతలో ఆపరేషన్ అయినవాళ్ల నొప్పి 2.8, కానివాళ్లది 5.2. అంత పాతబడిన నొప్పి దగ్గర కాలం ఓడిపోయింది.

ఆపరేషన్ అంటే వెన్నెముక అంతా తెరవడం అనుకుంటారు చాలామంది. ఇప్పుడు ఎక్కువగా చేసే మైక్రోడిసెక్టమీలో మైక్రోస్కోపు కింద, రెండు మూడు సెంటీమీటర్ల కోత నుంచి, బయటికి వచ్చిన ముక్కను తీసేస్తారు. డిస్క్ మొత్తాన్ని తీయరు. నరాల పైపొర చిరగడం, ఇన్‌ఫెక్షన్, అరుదుగా నరం దెబ్బతినడం దీని ప్రమాదాలు. తర్వాత కొందరిలో అదే చోట మళ్లీ ముక్క బయటికి వస్తుంది, రెండోసారి ఆపరేషన్ కావచ్చు. మొదటిసారి వచ్చిన మామూలు డిస్క్ సమస్యకు స్క్రూలు, రాడ్లు వేసి ఎముకలు కలిపేస్తామంటే ఎందుకని గట్టిగా అడగాలి. వెన్నుపూస జారడమో, కదలడమో లాంటి వేరే కారణం చూపించగలగాలి. కత్తి లేకుండా డిస్క్‌ను కరిగించే ప్రయత్నాలూ జరిగాయి. బొప్పాయి పాలలోని ఎంజైము కైమోపాపైన్‌ను డిస్క్‌లోకి ఎక్కించేవారు, అమెరికాలో 1982లో అనుమతి కూడా వచ్చింది. పనిచేసేది గానీ, కొందరిలో తీవ్రమైన ఎలర్జీ రావడంతో వాడుక పడిపోయింది. కాండోలియేస్ అనే మరో ఎంజైముకు 2018లో జపాన్ అనుమతి ఇచ్చింది.

కోలుకున్నాక, నడుముకు ఏ నొప్పీ లేకపోయినా, మళ్లీ స్కాన్ తీయించి ‘పోయిందా లేదా’ చూసుకోవాలని కొందరికి టెన్షన్. 2007 నాటి ఆ నెదర్లాండ్స్ ప్రయోగంలోని రోగులకే ఏడాది తర్వాత తీసిన ఎంఆర్‌ఐలలో, బాగా కోలుకున్నవాళ్లలో 35 శాతం మందికి, కోలుకోనివాళ్లలో 33 శాతం మందికి డిస్క్ ఇంకా పొడుచుకునే కనిపించింది. ఆ స్కాన్ చూసి ఎవరికి తగ్గిందో, ఎవరికి తగ్గలేదో చెప్పడం సాధ్యం కాలేదు. ఆ డబ్బుతో నడకకు మంచి బూట్లు కొనుక్కోవచ్చు. ఆస్ట్రేలియాలో 2024లో వెలువడిన ప్రయోగంలో, మామూలు నడుము నొప్పి నుంచి అప్పుడే తేరుకున్న 701 మందిలో సగం మందికి, ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా పెంచుకుంటూ నడవడం నేర్పారు. నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం మిగతావాళ్లలో 112 రోజులు, నడిచినవాళ్లలో 208 రోజులు. ఆ ప్రయోగం నరం నొక్కుకున్నవాళ్ల మీద చేసింది కాదు. డిస్క్ ఆపరేషన్ తర్వాత కూడా సాధారణంగా మొదట చేయించే వ్యాయామం నడకే, చాలాసార్లు ఆపరేషన్ జరిగిన రోజునో మర్నాడో మొదలుపెట్టిస్తారు.